"అందరూ చేస్తున్నారట" అన్నది వీసా కాదు

ప్రశ్న: మా అబ్బాయి చైనాలో మెడిసిన్ రెండో సంవత్సరం. శని, ఆదివారాల్లో పిల్లలకు ఇంగ్లీష్ చెప్పమని ఒక ట్రైనింగ్ సెంటర్ వాళ్లు అడుగుతున్నారట. సీనియర్లు అందరూ చేస్తున్నారంటున్నాడు. ఖర్చులకు కలిసొస్తుందని 120 గంటల టెఫెల్ (ఇంగ్లీష్ బోధనలో శిక్షణ) కోర్సుకు కూడా డబ్బు కట్టాం. వచ్చే ఏడాది అమ్మాయిని కొరియాకో జపాన్‌కో పంపాలనుకుంటున్నాం. చదువుకుంటూ ఇంగ్లీష్ టీచర్‌గా చేయడానికి మూడింటిలో ఏది మేలు? - ఒక తండ్రి

జవాబు: పోలిక తర్వాత చూద్దాం. ముందు ఇవాళే అబ్బాయికి ఫోన్ చేసి ఒక్క మాట అడగండి: "నీ రెసిడెన్స్ పర్మిట్ మీద బయట పనిచేయొచ్చని రాసి ఉందా?" లేకపోతే ఆ క్లాసులకు వెళ్లొద్దని చెప్పండి. ఇప్పటికే వెళ్తుంటే వచ్చే శనివారం నుంచే మానెయ్యమనండి.

చైనాలో విద్యార్థి క్యాంపస్ బయట పనిచేయకూడదని లేదు. ముందు యూనివర్సిటీ ఒప్పుకోవాలి. ఆ కాగితంతో పోలీసుల ఎగ్జిట్-ఎంట్రీ ఆఫీసుకు వెళ్తే, ఎక్కడ, ఎంతకాలం పనిచేస్తాడో పర్మిట్ మీద రాసిస్తారు. 2013 నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది. ఇంగ్లీష్ బోధనకు ఆ రాత సంపాదించడం చాలా కష్టం. ఎందుకంటే అక్కడ భాషా బోధన విదేశీ నిపుణులు వర్క్ వీసా మీద చేసే పని. ఆ వీసాకు డిగ్రీ కావాలి, సాధారణంగా రెండేళ్ల అనుభవం కావాలి, చెప్పే భాష మాతృభాష అయి ఉండాలి. మీరు కొన్న టెఫెల్ సర్టిఫికెట్ ఆ రెండేళ్ల అనుభవానికి బదులుగా పనికొస్తుంది, అంతే. డిగ్రీకీ, ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్న దేశపు పాస్‌పోర్టుకీ అది బదులు కాదు. ఈ సంగతి కోర్సు అమ్మేవాళ్లు చెప్పరు.

పట్టుబడితే 5,000 నుంచి 20,000 యువాన్ల జరిమానా. తీవ్రంగా భావిస్తే దానితోపాటు 5 నుంచి 15 రోజుల నిర్బంధం. దేశం నుంచి పంపించేస్తే 1 నుంచి 5 ఏళ్లు మళ్లీ అడుగుపెట్టనివ్వరు. పనిలో పెట్టుకున్న సెంటర్‌కూ, కుదిర్చిన ఏజెంటుకూ జరిమానా ఉంది. అది కట్టేసి వాళ్లు మళ్లీ వ్యాపారం చేసుకుంటారు. మీవాడు మాత్రం డిగ్రీ మధ్యలో వదిలి విమానం ఎక్కాలి. పైగా 2021లో స్కూలు పిల్లల ట్యూషన్ సెంటర్ల మీద చైనా ఆంక్షలు బిగించింది, తనిఖీలు జరిగే రంగం ఇది. జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయలేడు. చేస్తే తన తప్పు తానే ఒప్పుకున్నట్టు.

కాస్త కటువుగా చెప్తాను, ఏమీ అనుకోకండి. వాడు తెచ్చే డబ్బును మీరు ఇంటి లెక్కలో వేసేసుకున్నారు. "ఖర్చులకు కలిసొస్తుంది" అని మీరన్నాక, భయమేసినా ఆ కుర్రాడు మానలేడు. రెండో సంవత్సరం మెడిసిన్ విద్యార్థికి శని, ఆదివారాలు చదువుకోడానికే చాలవు. ఫీజుకు ఎంత తక్కువ పడుతోందో మీరు దాచకుండా చెప్పండి. స్కాలర్‌షిప్, క్యాంపస్ లోపల అనుమతి ఉన్న చిన్న పనులు ఏమున్నాయో అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో వాడు అడుగుతాడు. రెండు మూడు క్లాసులు చెప్పి ఉంటే బెంబేలెత్తకండి. ఇకపై వెళ్లకుండా, ఆ సెంటర్ పెట్టే కాగితాల మీద సంతకం చేయకుండా ఉంటే చాలు.

ఇక అమ్మాయి విషయం. చదువుకుంటూ భాష చెప్పడానికి ఈ మూడింటిలో జపాన్ నయం. స్టూడెంట్ వీసాతో మొదటిసారి దిగినప్పుడు విమానాశ్రయంలోనే అదనపు పనికి అనుమతి అడగొచ్చు, రుసుము లేదు. వారానికి 28 గంటలు. ఏ రోజు నుంచి ఏడు రోజులు లెక్కపెట్టినా 28 దాటకూడదు, ఎన్ని చోట్ల చేసినా అన్నీ కలిపే లెక్క. స్కూలు ప్రకటించిన పెద్ద సెలవుల్లో రోజుకు 8 గంటలు. ఇంగ్లీష్ సంభాషణ నేర్పే ప్రైవేటు స్కూల్లో జీతానికి చేరితే ఈ అనుమతి సరిపోతుంది.

తప్పు జరిగేది రెండు చోట్ల. ఉద్యోగిగా కాకుండా పాఠానికింత అని కాంట్రాక్టు మీద, గంటల లెక్క తేలకుండా చేసే పనికి ఈ సాధారణ అనుమతి చాలదు, విడిగా తీసుకోవాలి. ఆన్‌లైన్ పాఠాలు చాలావరకు ఈ కోవలోవే. రెండోది, గంటలు మించడం. ఆ రోజు ఎవరూ పట్టుకోరు. వీసా పొడిగింపుకో, చదువయ్యాక ఉద్యోగ వీసాకో వెళ్లినప్పుడు పన్ను సర్టిఫికెట్‌లోని ఆదాయం చూసి అడుగుతారు. ఇంకొకటి, కోర్సు పూర్తయిన రోజుతో ఈ అనుమతి ముగిసినట్టే, వీసా గడువు మిగిలున్నా సరే.

కొరియాలో టీచర్ వీసా ఏడు ఇంగ్లీష్ దేశాల వాళ్లకే. భారతీయులకు 2010 నుంచి అమల్లో ఉన్న వాణిజ్య ఒప్పందం ఒక చిన్న దారి తెరిచింది. టీచర్ అర్హత ఉంటే ప్రభుత్వ బడుల్లో సహాయ ఇంగ్లీష్ టీచర్‌గా తీసుకోవచ్చు. అది బీఈడీ చేసినవాళ్ల దారి, విద్యార్థులది కాదు. స్టూడెంట్ వీసా మీద అయితే యూనివర్సిటీ సంతకంతో ఇమిగ్రేషన్ అనుమతి తీసుకోవాలి, గంటలు భాషా స్థాయిని బట్టి ఉంటాయి, పనిచోటు మారితే మళ్లీ చెప్పాలి. ఇళ్లకెళ్లి ట్యూషన్లు చెప్పడం కుదరదు. భాషా కోర్సు వీసా అయితే మొదటి ఆరు నెలలు ఏ పనీ లేదు.

జపాన్ అన్నాను కదా అని పాఠాల జీతం మీద ఆధారపడి పంపకండి. చాలా స్కూళ్లు ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్నవాళ్లకే మొగ్గుచూపుతాయి. కనీసం మొదటి ఏడాది ఫీజు, ఖర్చులు చేతిలో ఉండాలి. పని దొరికితే సంతోషం. ఇంటర్వ్యూలో రెసిడెన్స్ కార్డు వెనక్కి తిప్పి అనుమతి ముద్ర ఉందో లేదో చూస్తారు. అది చూడకుండా "రేపట్నుంచి వచ్చెయ్" అనే చోట అమ్మాయిని చేరనివ్వకండి.