ఎస్‌ఓపీ రాస్తున్న మేనకోడలికి

అమ్మడూ,

అమెరికా యూనివర్సిటీల కోసం రాసి నువ్వు పంపిన ఎస్‌ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అక్కడ ఏం చదవాలనుకుంటున్నావో, ఎందుకో చెప్పే వ్యాసం) నిదానంగా చదివాను. ఇంగ్లీషు బాగుంది. కానీ నీ పేరు తీసేసి మీ క్లాసులో ఇంకెవరి పేరు పెట్టినా సరిపోయేలా ఉంది. "చిన్నప్పటి నుంచీ నాకు పర్యావరణమంటే మక్కువ" అని మొదలుపెట్టావు. రికమెండేషన్ లెటర్ కోసం నా దగ్గరికొచ్చే పిల్లలు చూపించే కాగితాల్లో ఈ వాక్యం చదివీ చదివీ ఉన్నాను. కన్సల్టెన్సీ వాళ్ళిచ్చిన శాంపిల్ పక్కన పెట్టుకుని రాసినట్టున్నావు. దాన్ని తీసెయ్యి.

అక్కడ చదివేది ప్రొఫెసర్లు. వాళ్ళ ముందు కట్టలకొద్దీ అప్లికేషన్లుంటాయి, నీకు దక్కేది కొద్ది నిమిషాలే. నీ మార్కులు ట్రాన్స్‌క్రిప్టులో ఎలాగూ ఉంటాయి. ఒక పని అనుకున్నట్టు సాగనప్పుడు నువ్వేం చేస్తావన్నది మాత్రం నువ్వు చెబితేనే వాళ్ళకి తెలుస్తుంది.

అది చెప్పడానికి నీ దగ్గర ఎంత మంచి సరుకుందో తెలుసా! ప్రపంచ నీటి సంక్షోభం గురించి ఒక పేజీ రాసి, నీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి ఒక్క లైను ఇచ్చావు. ఫ్లోరైడ్ ఉన్న మర్రిగూడ బోరు నీళ్ళు తెచ్చి, దాన్ని తగ్గించడానికి నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి వాళ్ళు తయారుచేసిన నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి చూశావు కదా. ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాముల లోపుకి దిగింది కానీ, అల్యూమినియం 0.2 మిల్లీగ్రాముల హద్దు దాటిపోయిందని ఫోన్‌లో ఎంత బాధపడ్డావు! ఆ రోజు నాకు చెప్పినట్టే రాయి. "పటిక పెంచితే ఫ్లోరైడ్ తగ్గింది, నీళ్ళలో అల్యూమినియం మిగిలిపోయింది. పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార స్థాయి) మార్చి చూశాం, రెండూ ఒకేసారి హద్దులోకి రాలేదు." ఎందుకు రాలేదనుకుంటున్నావో, తేల్చాలంటే ఇంకేం నేర్చుకోవాలో రాయి. ఫలితం రాలేదని దాచకు తల్లీ. నువ్వు అమెరికా వెళ్ళి చదవాలనుకోవడానికి కారణం అదే కదా. పై చదువు ఎందుకో ఆ పేరాతోనే తెలిసిపోతుంది.

నానమ్మ సంగతి కూడా ఎస్‌ఓపీలోనే పెట్టావు. బర్క్‌లీ లాంటి చోట్ల రెండు వేరువేరు వ్యాసాలడుగుతారు. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో నీ చదువు, పరిశోధన, అక్కడ చేయదలుచుకున్నది ఉండాలి. పర్సనల్ హిస్టరీలో నీ బతుకు, ఊరు, ఇల్లు. ఆ ఫ్లోరైడ్ నీళ్ళతో మీ నానమ్మ నడుము వంగిపోయిన సంగతి రెండోదాంట్లోకి మార్చు. నా కన్నతల్లి గురించి కాబట్టి గట్టిగానే చెబుతున్నా, ఆవిడ పేరుతో జాలి అడగొద్దు. నల్లా నీళ్ళొచ్చాక కూడా మన వీధిలో కొందరు బోరు నీళ్ళే ఎందుకు తాగుతున్నారో నీకు తెలుసు. వాళ్ళతో కూర్చుని మాట్లాడావు. అది రాయి. ఒకటే వ్యాసం అడిగిన చోట ఇంటి విషయం రెండు మూడు వాక్యాలు దాటనివ్వకు.

ఇక ప్రొఫెసర్ల పేర్లు. వెబ్‌సైట్లో కనిపించిన ఐదారుగురినీ వరసగా దించేశావు, అది వాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. ఒకరిద్దరు చాలు. వాళ్ళ ఈమధ్య పేపరొకటి పూర్తిగా చదివి, నీ ప్రశ్న దానికి ఎక్కడ కలుస్తుందో చెప్పు. యూనివర్సిటీ మారితే ఈ పేరా మొత్తం కొత్తగా రాయాల్సిందే. పేరు మార్చడం మరచిపోయి ఒక చోటిది ఇంకో చోటికి పంపేవాళ్ళుంటారు, జాగ్రత్త.

ఫ్లూయిడ్ మెకానిక్స్ బ్యాక్‌లాగ్ గురించి అంత టెన్షన్ వద్దు. ఏం జరిగిందో ఒక వాక్యం, తర్వాత హైడ్రాలిక్స్‌లో ఎలా పుంజుకున్నావో ఇంకో వాక్యం. అంతే.

చాట్‌జీపీటీతో వ్యాకరణం దిద్దించుకోవాలనుకుంటే ముందు ఆ యూనివర్సిటీ నిబంధనలు చూసుకో. రాయడం మాత్రం నువ్వే రాయాలి. నీ ప్రాజెక్టులో జరిగింది దానికి తెలియదు.

చాలా చోట్ల గడువు డిసెంబరులోనే ఉంటుంది. మీ గైడ్‌ని లెటర్ ఇప్పుడే అడుగు, ఆఖరి వారం దాకా ఆగకు. అడిగేటప్పుడు కొత్త డ్రాఫ్ట్ కూడా ఇస్తే ఆయన ఆ అల్యూమినియం సంగతి గుర్తుపెట్టుకుని రాయగలుగుతారు. ముందు ఆ ప్రాజెక్టు పేరా ఒక్కటి రాసి నాకు పంపు, కూర్చుని చూద్దాం.

ప్రేమతో,
మీ అత్త