జుట్టు పట్టి గుంజడమే మా పాప మాట

మీ బాబుకు ఆరేళ్లు, ఆటిజం, ఇంకా మాటలు రాలేదు, ఏదైనా చేయమంటే పక్కవాళ్లను కొడతాడు, కొరుకుతాడు అన్నారు. రెండు దెబ్బలు వేసి భయం పెట్టమని ఇంట్లోవాళ్లు అంటున్నారు, అది పనిచేస్తుందా అని అడిగారు. పనిచేయదమ్మా. నేను వేశాను కాబట్టి చెప్తున్నాను. ఆరేళ్లప్పుడు నా బిడ్డ నా చేతి దెబ్బలు తిన్నది. దానివల్ల ఏమీ తగ్గలేదు, నన్ను చూస్తే మంచం కిందికి దూరడం మాత్రం నేర్చుకుంది. అది గుర్తొస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

మాది హనుమకొండ. చిన్న జిరాక్స్, లామినేషన్ షాపు నడుపుతాను. మా పాపకు ఇప్పుడు తొమ్మిదేళ్లు, తనకూ మాటలు రాలేదు. అప్పట్లో మా ఇంట్లో యుద్ధం పొద్దున ఏడున్నరకు, జడలు వేసేటప్పుడు మొదలయ్యేది. స్కూల్లో రెండు జడలు, రిబ్బన్లు తప్పనిసరి. మా ఆవిడ దువ్వెన పెట్టిన నిమిషానికే పాప మడమలు నేలకేసి కొట్టేది. ఆ తర్వాత గిర్రున తిరిగి వాళ్లమ్మ జుట్టు రెండు చేతులతో పట్టి గుంజేది. వేళ్లు ఒక్కొక్కటే విడదీస్తే కుచ్చుకుచ్చుగా వెంట్రుకలు వచ్చేవి. చివరికి మా ఆవిడ తలకు తువ్వాలు చుట్టుకుని జడ వేయడానికి కూర్చునేది. మా అమ్మది ఒకటే మాట: "గట్ల మీదికొస్తుంటే రెండు తగిలియ్యక, ఇంకా గారాబం జేస్తున్నరు."

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో ఒక మేడమ్ మాకు చిన్న పని చెప్పారు. నోటుపుస్తకంలో మూడు గడులు గీసి, పాప గుంజే ముందు ఏం జరిగింది, తను ఏం చేసింది, ఆ వెంటనే మేము ఏం చేశాం అన్నది రాయమన్నారు. వారం రాశాక తిరిగి చదివితే గుండె గుభేలుమంది. మూడో గడిలో ప్రతిరోజూ ఒకటే ఉంది: దువ్వెన ఆగింది. మేము తిట్టినా ఆగింది, బతిమాలినా ఆగింది, నేను కొట్టినా ఆగింది. చిక్కు తీస్తుంటే నొప్పి పుడుతున్నది, జుట్టు గుంజితే ఆ నొప్పి ఆగుతున్నది. "ఆగమ్మా" అని చెప్పడానికి పాప దగ్గర ఉన్న మాట అదొక్కటే.

ఆ సాయంత్రమే షాపులో కార్డు చేశాను. ఎర్ర కాగితం మీద నా అరచేతి ఫొటో, కింద పెద్ద అక్షరాలతో "ఆగు". లామినేషన్ చేశాక మూలలు గుండ్రంగా కత్తిరించాలి, మరిచిపోకండి. పిల్లలు నోట్లో పెట్టుకుంటారు, పదునుంటే పెదవి తెగుతుంది.

మర్నాడు మా ఆవిడ దువ్వుతుంటే నేను పాప పక్కన కూర్చున్నాను. మడమలు కదలడం మొదలవగానే, నోటితో ఏమీ చెప్పకుండా, పాప చేయి పట్టి కార్డు తీయించి వాళ్లమ్మ చేతిలో పెట్టించాను. మా ఆవిడ "ఆగమన్నవా, ఆపిన బిడ్డా" అని దువ్వెన కింద పెట్టి, పది లెక్కపెట్టి మళ్లీ మొదలుపెట్టింది. ఆ పొద్దున అలా 31 సార్లు. స్కూల్ ఆటో వెళ్లిపోయింది. నాలుగో రోజు నా చేయి ఇంకా కదలకముందే పాప తనంతట తాను కార్డు తీసి వాళ్లమ్మ ఒళ్లో పడేసింది. దువ్వెన ఆగింది. పాప వెనక్కి తిరిగి దువ్వెనను చూసింది, వాళ్లమ్మ ముఖం చూసింది, మళ్లీ కార్డు తీసి ఇచ్చింది. నిజంగానే ఆగుతుందా అని పరీక్షించినట్టు ఆరేడు సార్లు అదే పని. ప్రతిసారీ ఆపాం. ఆ రోజు ఒక్క వెంట్రుక కూడా ఊడలేదు.

ఇందులో తప్పు చేయడానికి వీల్లేని చోటు ఒకటుంది. కార్డు గుంజకముందే ఇప్పించాలి. గుంజాక ఇప్పిస్తే "ముందు గుంజాలి, తర్వాత కార్డు ఇవ్వాలి" అని రెండూ కలిపి నేర్చుకుంటారు. మొదట్లో ఎన్నిసార్లు ఇచ్చినా కాదనకూడదు. కొట్టడం కన్నా కార్డు తేలిగ్గా, తొందరగా పనిచేస్తేనే పిల్లలు కొట్టడం వదులుతారు. అది కుదిరాక మేము "ఇంకో మూడుసార్లు దువ్వి ఆపుతా" అని మెల్లగా పెంచుకుంటూ పోయాం. జ్వరం వచ్చినప్పుడు, నిద్ర చాలనప్పుడు ఇప్పటికీ చేయి జుట్టు మీదికి పోతుంది. అబద్ధం చెప్పను.

ఇది మా సొంత తెలివి కాదు. 1985లో అమెరికాలో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరాండ్ అనే పరిశోధకులు నలుగురు పిల్లలతో చేసి చూపించిన పద్ధతి. పని కష్టమై అల్లరి చేసే పిల్లలకు "నాకు అర్థం కాలేదు" అనడం, పెద్దవాళ్లు పట్టించుకోవాలని చేసేవాళ్లకు "నేను బాగా చేస్తున్నానా?" అని అడగడం నేర్పారు. కారణానికి సరిపోయే మాట నేర్పితేనే అల్లరి తగ్గింది, సంబంధం లేని మాట నేర్పితే తగ్గలేదు. మీ బాబు పని చెప్పినప్పుడు కొడుతున్నాడు కాబట్టి అతనికి "చాలు" కానీ "సాయం చెయ్యి" కానీ కావాలి. చాలా థెరపీ సెంటర్లలో రంగులు, పండ్ల పేర్లతో మొదలుపెడతారు. యాపిల్ బొమ్మ చూపించడం వచ్చినంత మాత్రాన "నా వల్ల కావట్లేదు" అని ఎలా చెప్తాడు?

కార్డులు అలవాటైతే ఇక మాటలు రావని మీకు కనీసం పదిమంది చెప్తారు. మాకూ చెప్పారు. వాళ్లే నాలుక మీద వస అరగదీసి రాయమన్నారు, నాలుక కింద కోయించమన్నారు. వినకండి. మా పాప ఇప్పుడు కార్డు ఇస్తూ "ఆ" అంటుంది. కార్డు రాకముందు ఆ "ఆ" కూడా లేదు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది స్కూల్లో జరిగింది. పాప మాటిమాటికీ కార్డు ఇస్తున్నదని, పాడైపోతుందని, దాన్ని బ్యాగులో పెట్టి జిప్పు వేశారు. మూడో రోజు పక్కపిల్ల జుట్టు పట్టుకుంది, మాకు ఫోన్ వచ్చింది. ఏ పిల్లకైనా మాట్లాడుతున్నదని నోటికి ప్లాస్టర్ వేస్తారా? 2016 వికలాంగుల హక్కుల చట్టంలో కమ్యూనికేషన్ అంటే ఏమిటో చెప్పేచోట ఇలాంటి ప్రత్యామ్నాయ పద్ధతులు కూడా రాసి ఉన్నాయి. ఆ పేజీ జిరాక్స్ తీసి హెడ్‌మాస్టర్ గారి టేబుల్ మీద పెట్టాను. కార్డు ఇప్పుడు పాప మెడలో ఐడీ కార్డుతో పాటే వేలాడుతుంది. మీరూ స్కూలుకు వెళ్లేటప్పుడు ఆ కాగితం పట్టుకుని వెళ్లండి.

ఇంకొకటి, మొదలుపెట్టే ముందు బాబు చెవులు, పళ్లు డాక్టరుకు చూపించండి. మా పాప అన్నం దగ్గర తల బాదుకుంటే మొండితనమనుకుని నెల రోజులు తిట్టాం. చూస్తే దవడ పన్ను పుచ్చి ఉంది.

నోటుపుస్తకం ఈ రాత్రే గీయండి. నాలుగు రోజులు రాసి ఇక్కడే పెడితే, మొదట ఏ కార్డు చేయాలో చూసి చెప్తాను. హనుమకొండ దగ్గరివాళ్లయితే షాపుకు రండి, కార్డులకు డబ్బులు తీసుకోను.