క్యూఎన్‌హెచ్‌కు ఫుల్‌ఫామ్ వెతకొద్దు: పైలట్ కావాలనుకునే అమ్మాయికి పొడి అక్షరాల చదువు

ప్రశ్న: మాది పరకాల. మా బిడ్డ హనుమకొండలో ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. పైలట్ అవుతానంటోంది. ఒక కోచింగ్ సెంటర్‌లో అడిగితే మూడు వందల పొడి అక్షరాల జాబితా చేతిలో పెట్టి, ముందు ఇవన్నీ నోటికి రావాలి, ఆరు నెలల కోర్సులో నేర్పిస్తాం అన్నారు. క్యూఎన్‌హెచ్, మెటార్, స్క్వాక్, ఆర్‌టీఆర్ అంటూ ఆ కాగితం చూసి పిల్ల భయపడుతోంది. ఇంగ్లిష్ కూడా అంతంత మాత్రమే. ఆ కోర్సులో చేర్పించమంటారా?

జవాబు: ఆ జాబితా కోసం కోర్సు అక్కర్లేదు. అందులోని మాటలు అక్కర్లేనివని కాదు, ప్రతిదీ పనికొచ్చేదే. కానీ ఎంసెట్ బిట్లలా వరసగా బట్టీ పడితే నిలవవు. ఒక్కో మాట ఏ మీటరు దగ్గర పుట్టింది, ఏ పనిలో నోటికి వస్తుంది అన్నది పట్టుకుంటేనే నిలుస్తుంది.

మీకు ముందు తెలియాల్సినవి లైసెన్సుల పేర్లు. ఎస్‌పీఎల్ అంటే నేర్చుకునేవాళ్ల లైసెన్సు, 16 ఏళ్లు నిండితే చాలు. సీపీఎల్ అంటే జీతానికి విమానం నడిపే లైసెన్సు. దానికి 18 ఏళ్లు నిండాలి, ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి, 200 గంటలు ఎగరాలి. దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ పెట్టే రాతపరీక్షలు నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్ జనరల్, టెక్నికల్ స్పెసిఫిక్. ఒక్కో పేపర్‌లో 70 శాతం వస్తేనే పాస్. ఆర్‌టీఆర్ అంటే విమానం రేడియోలో మాట్లాడే అర్హత. ఇదివరకు టెలికాం శాఖ చేతిలో ఉండేది, 2024 నాటి భారతీయ వాయుయాన్ అధినియమ్ వచ్చాక డీజీసీఏ కిందికి వచ్చింది. ఫీజుల విషయం మాట్లాడేటప్పుడు మీకు ఈ పేర్లు చాలు.

ఇక అమ్మాయి నేర్చుకోవాల్సినవి. జాబితాలో క్యూతో మొదలయ్యే వాటికి ఫుల్‌ఫామ్ వెతకొద్దు, లేదు. క్యూఎన్‌హెచ్, క్యూఎఫ్ఈ, క్యూఎన్ఈ టెలిగ్రాఫ్ రోజుల నాటి కోడ్‌లు, పొడవాటి ప్రశ్నకు బదులు మూడక్షరాలు కొట్టేవారు. నాటికల్ హైట్, ఫీల్డ్ ఎలివేషన్ అని పుస్తకాల్లో కనిపించేవి గుర్తు కోసం తర్వాత కట్టుకున్నవే. ఇంటర్వ్యూలో వాటినే అసలు విస్తరణగా చెప్పి దొరికిపోయే పిల్లలు ఉంటారు.

అర్థం పట్టుకోవాలంటే విమానంలో ఎత్తు చూపించే ఆల్టీమీటరు దగ్గరికి రావాలి. అది నిజానికి ఎత్తు కొలవదు. గాలి ఒత్తిడి కొలిచి ఎత్తుగా చూపిస్తుంది. మీటరుకు ఒక చిన్న గుండీ, దాని పక్కన చిన్న కిటికీ ఉంటాయి. ఆ కిటికీలో ఈ రోజు ఒత్తిడి ఎంతో తిప్పి పెట్టాలి. శంషాబాద్ సముద్రమట్టానికి దాదాపు 2000 అడుగుల ఎత్తున ఉంది. నేల మీద ఆగి ఉన్న విమానంలో క్యూఎన్‌హెచ్, అంటే సముద్రమట్టం లెక్కకు మార్చిన ఒత్తిడి, పెడితే మీటరు దాదాపు 2000 చూపిస్తుంది. క్యూఎఫ్ఈ, అంటే ఆ విమానాశ్రయం నేల దగ్గరి ఒత్తిడి, పెడితే సున్నా చూపిస్తుంది. క్యూఎన్ఈ అంటే ఊరితో పని లేకుండా అందరూ ఒకే లెక్కన 1013.25 హెక్టోపాస్కల్‌లు (ఒత్తిడి కొలత) పెట్టుకుని పైన ఎగరడం. ఆ లెక్కన చెప్పే ఎత్తునే ఫ్లైట్ లెవెల్ అంటారు.

తప్పు పెడితే ఏమవుతుంది? ఒక హెక్టోపాస్కల్‌కు సుమారు 30 అడుగులు అని లెక్క వేయించండి. వానాకాలం అల్పపీడనం పట్టిన రోజు క్యూఎన్‌హెచ్ 1003 ఉందనుకుందాం. పైలట్ 1013 మీదే వదిలేస్తే పది హెక్టోపాస్కల్‌ల తేడా, అంటే 300 అడుగులు. మీటరు 3000 చూపిస్తుంటే విమానం 2700 దగ్గరే ఉంటుంది. ఒత్తిడి తక్కువున్న చోటికి వెళ్తే మనం అనుకున్నదానికంటే కిందుంటాం. ఈ ఒక్క లెక్క అమ్మాయి చేతితో పది రకాల అంకెలకు వేస్తే క్యూ కోడ్‌లు మళ్లీ చదవాల్సిన పని ఉండదు. ఇంటర్ ఫిజిక్స్‌లో ద్రవపీడనం పాఠం చదివిన పిల్లకు ఇందులో కొత్తేమీ లేదు.

రెండోది మెటార్, విమానాశ్రయంలో వాతావరణం ఎలా ఉందో చెప్పే ఒక్క వరస. శంషాబాద్‌ది అరగంటకోసారి వస్తుంది, భారత వాతావరణ శాఖ విమానయాన వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. చూడ్డానికి ఇలా ఉంటుంది: వీఓహెచ్ఎస్ 150330జెడ్ 27008కేటీ 4000 హెచ్‌జెడ్ ఎస్‌సీటీ020 బీకేఎన్090 31/24 క్యూ1006 నోసిగ్. వీఓహెచ్ఎస్ అంటే శంషాబాద్. వీఓతో మొదలైతే దక్షిణాది విమానాశ్రయం, మన వరంగల్ మామునూరు కోడ్ వీఓడబ్ల్యూఏ. తర్వాత 15వ తేదీ, 0330 జులూ. జులూ అంటే గ్రీనిచ్ లెక్క, మనకు ఐదున్నర గంటలు కలపాలి, ఉదయం 9 అన్నమాట. పరీక్షలో ఎక్కువగా తప్పేది ఇక్కడే. మన 16వ తేదీ రాత్రి 2 గంటలకు మెటార్ మీద 152030 ఉంటుంది, తేదీ ఒకటి వెనక్కి. గాలి 270 డిగ్రీల వైపు నుంచి, అంటే పడమటి నుంచి, వేగం 8 నాట్లు. వీచే వైపు కాదు, వచ్చే వైపు చెప్తారు. చూపు ఆనేది 4000 మీటర్లు, పొడి మసక. ఎస్‌సీటీ అంటే ఆకాశాన్ని ఎనిమిది భాగాలు చేస్తే మూడు నాలుగు భాగాలు మబ్బు, అది 2000 అడుగుల మీద. బీకేఎన్ ఐదు నుంచి ఏడు భాగాలు, 9000 అడుగుల మీద. ఉష్ణోగ్రత 31, మంచుబిందు స్థానం (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) 24, క్యూఎన్‌హెచ్ 1006, వచ్చే రెండు గంటల్లో పెద్ద మార్పు లేదు.

మంచుబిందు స్థానం ఉష్ణోగ్రతకు దగ్గర పడితే మంచు కమ్ముతుంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఈ రెండు అంకెలు కలిసిపోవడం, పక్కన బీఆర్ లేదా ఎఫ్‌జీ కనిపించడం అమ్మాయి తనే గమనిస్తుంది. బీఆర్ అంటే పలచని మంచు, అది బ్రూమ్ అనే ఫ్రెంచి మాట, ఇంగ్లిష్‌లో వెతికితే దొరకదు. చూపు వెయ్యి మీటర్లలోపుకు పడితే ఎఫ్‌జీ. వరికొయ్యలు కాల్చినప్పటి పొగలాంటిది ఎఫ్‌యూ, అదీ ఫ్రెంచే. రోజూ ఉదయం కాలేజీకి వెళ్లే ముందు ఒక్క మెటార్ చదివి నోట్‌బుక్‌లో తెలుగులో రాయమనండి. రెండు నెలలకు జాబితాలోని వాతావరణపు మాటలన్నీ వాటంతటవే వచ్చేస్తాయి.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, నోటి మాట. పేపర్‌లో తప్పితే మళ్లీ రాయొచ్చు. రేడియోలో తప్పితే ప్రాణాల మీదికి వస్తుంది. 1989 ఫిబ్రవరి 19న ఫ్లయింగ్ టైగర్ సంస్థ సరుకుల బోయింగ్ 747 కౌలాలంపూర్‌లో దిగబోతోంది. కంట్రోలర్ 2400 అడుగులకు దిగమంటూ ‘డిసెండ్ టూ ఫోర్ జీరో జీరో’ అన్నాడు. సిబ్బందికి ఆ టూ అంకెలా కాక ‘కు’ అన్నట్టు, అంటే 400 అడుగులకు దిగమన్నట్టు వినబడింది. ‘ఓకే, ఫోర్ జీరో జీరో’ అని బదులిచ్చారు. ఆ బదులులోని తప్పును కంట్రోలర్ పట్టుకోలేదు. హెచ్చరిక పరికరం అరిచినా సిబ్బంది పైకి లేపలేదు. విమానం కొండను ఢీకొని నలుగురూ చనిపోయారు. అందుకే ఎత్తు చెప్పేటప్పుడు మధ్యలో ఆల్టిట్యూడ్ అన్న మాట వేసి, టూ థౌజండ్ ఫోర్ హండ్రెడ్ అని విడదీసి పలుకుతారు. విన్నది తిరిగి చెప్పడాన్ని రీడ్‌బ్యాక్ అంటారు. రన్‌వే నంబరు, ఎత్తు, దిశ, క్యూఎన్‌హెచ్, స్క్వాక్ కోడ్ (రాడార్‌లో విమానాన్ని గుర్తుపట్టే నంబరు) ఇవన్నీ తిరిగి చెప్పి తీరాలి. వీటికి ‘రోజర్’ అని ఊరుకుంటే తప్పు. రోజర్ అంటే విన్నాను అని మాత్రమే. విల్కో అంటే విన్నాను, అలాగే చేస్తాను అని. అవునన్నదానికి అఫర్మ్, కాదన్నదానికి నెగెటివ్. అఫర్మేటివ్ అని సాగదీస్తే మొదలు తెగినప్పుడు రెండూ ఒకేలా వినబడతాయి.

ఇది ఇంట్లోనే చేయించొచ్చు. మీరు పక్కగదిలోంచి ఫోన్ చేసి కాగితం చూసి చదవండి: ‘విక్టర్ టాంగో ఎక్స్‌రే యాంకీ జులూ, రన్‌వే జీరో నైనర్ రైట్, లైనప్ అండ్ వెయిట్.’ అమ్మాయి వెంటనే ‘లైనప్ అండ్ వెయిట్, రన్‌వే జీరో నైనర్ రైట్, విక్టర్ టాంగో ఎక్స్‌రే యాంకీ జులూ’ అనాలి. లైనప్ అండ్ వెయిట్ అంటే రన్‌వే మీదికి వచ్చి ఆగి ఉండు అని. రేడియోలో ఒక్కో అక్షరానికి ఒక్కో మాట పలుకుతారు, విక్టర్ టాంగో అంటే వీటీ, మన దేశపు విమానాల రిజిస్ట్రేషన్ గుర్తు. మధ్యమధ్య రైట్‌కు బదులు లెఫ్ట్ అని మార్చి చదివి చూడండి, అలవాటు మీద పాతదే చెప్తోందా, వింటోందా తెలుస్తుంది. అంకెలు పలకడంలో మూడు ట్రీ, నాలుగు ఫోవర్, ఐదు ఫైఫ్, తొమ్మిది నైనర్. స్క్వాక్ కోడ్‌లు నాలుగంకెలవి, ఒక్కో అంకె 0 నుంచి 7 దాకానే, 8, 9 ఉండవు. 7500 హైజాక్, 7600 రేడియో పోయింది, 7700 అత్యవసరం. ఈ మూడు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. రేడియో వినడానికని స్కానర్లు కొనకండి, లైసెన్సు లేకుండా వాడటం చట్టవిరుద్ధం.

తెలుగు మీడియం గురించి అడిగారు. సీపీఎల్‌కు ఆరు స్థాయిల ఇంగ్లిష్ పరీక్షలో కనీసం నాలుగో స్థాయి రావాలి. యాస ఉండొచ్చు, ఎదుటివారికి అర్థం కావాలి, అడ్డం తిరిగినప్పుడు మళ్లీ అడగగలగాలి. రేడియోలో కావలసింది ధారాళంగా మాట్లాడటం కాదు, సరైన మాట సరైన చోట పడటం. 1990 జనవరి 25న న్యూయార్క్ దగ్గర ఇంధనం అయిపోయి ఆవియాంకా విమానం కూలి 73 మంది చనిపోయారు. సిబ్బంది ఇంధనం అయిపోతోందన్నారు, ప్రయారిటీ కావాలన్నారు. ఎమర్జెన్సీ అనే మాట మాత్రం అనలేదు. ప్రాణాపాయంలో నోటికి ‘మేడే మేడే మేడే’ రావాల్సిన చోట అదే రావాలి. ఇది తెలుగు మీడియం పిల్లకూ ఇంగ్లిష్ మీడియం పిల్లకూ ఒకేలా కొత్త, ఇద్దరూ మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే.

కోర్సుకు కట్టాలనుకున్న డబ్బులో కొంత ముందు డీజీసీఏ గుర్తించిన డాక్టర్ దగ్గర క్లాస్ 2 మెడికల్‌కు, అంటే పైలట్ ఆరోగ్య పరీక్షకు పెట్టండి. కళ్లద్దాలున్నా చాలామందికి అడ్డు కాదు. రంగులు గుర్తించడంలో లోపం ఉంటే మాత్రం తర్వాత ఎంత కట్టినా దారి దొరకడం కష్టం. సీపీఎల్ ఖర్చు యాభై లక్షల దాకా పోతుంది కాబట్టి ఈ పరీక్ష కాకుండా ఏ అకాడమీకీ అడ్వాన్సు ఇవ్వకండి. మెడికల్ అయ్యాక బేగంపేటలోని తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ లాంటి చోటికి స్వయంగా వెళ్లి, ఎన్ని విమానాలు ఎగిరే స్థితిలో ఉన్నాయి, ఒక్కో విద్యార్థికి నెలకు ఎన్ని గంటలు దొరుకుతున్నాయి అని అడగండి. 200 గంటలు ఏళ్ల తరబడి సాగేది చాలాసార్లు విమానాల కొరత వల్లే.

ఇంకో పని ఈ వారమే మొదలుపెట్టండి. పదో తరగతి మెమోలో అమ్మాయి ఇంటిపేరు ఒక్క అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉంటే రెండూ ఒకేలా ఉండేట్టు ఇప్పుడే సరిచేయించి, అదే పేరుతో పాస్‌పోర్టు తీయండి. పరీక్షలకు ముందు డీజీసీఏ ఇచ్చే కంప్యూటర్ నంబరుకు ఈ కాగితాలన్నీ కలవాలి, పేరు తేడా ఉంటే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది.