రెండు ఆంప్లిఫయర్లు: కూత, ప్రొటెక్ట్ లైటు

అన్నా, కావలి బైపాస్ మీద యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ కారు డోర్ స్పీకర్లలో కూత పెరుగుతోందనీ, బేస్ గట్టిగా పడితే సబ్ ఆంప్ (బేస్ స్పీకర్ని నడిపే ఆంప్లిఫయర్) ప్రొటెక్ట్‌లోకి పోతోందనీ, అంటే తనని తాను కాపాడుకోడానికి ఆగిపోతోందనీ రాశావు కదా. రెండూ వేర్వేరు జబ్బులు.

కూతకి నాకు అనుమానం ఎర్త్ మీదే. ఒక ఆంప్ ఎర్త్ సీటు బోల్టుకి, ఇంకోదానిది డిక్కీలో ఇచ్చావు. రెండూ ఒకేచోటికి తే. పెయింటు గీకి, రేకు మెరిసేదాకా తోమి, రింగ్ టెర్మినల్‌తో బిగించు. వైరు అర మీటరు మించొద్దు. స్టీరియో నుంచి ఆంప్‌కి పాట సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ కేబుల్ని పవర్ వైరు పక్కన పోనీకు.

ప్రొటెక్ట్ సంగతికొస్తే, సబ్‌కున్న 500 వాట్ల మోనో, డోర్ స్పీకర్లకున్న ఛానెల్‌కి 75 వాట్ల నాలుగు ఛానెళ్లది కలిసి ఫుల్ సౌండ్‌లో దాదాపు 80 ఆంపియర్లు లాగుతాయి. నీ 8 గేజ్ వైరు ఎక్కడ చాలుద్ది? గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు. బేస్ పడేటప్పుడు మల్టీమీటర్ పెట్టి చూడు: బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులుండి ఆంప్ దగ్గర 11 చూపిస్తే దోషం దారిలోనే ఉంది, ఆంప్‌ది కాదు.

బ్యాటరీ మైనస్ ఊడదీసి, 4 గేజ్ అసలు రాగి వైరు లాగు. రాగిపూత అల్యూమినియం అంటగడతారు, కొస గీకి చూసుకో. 100 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. కొందరు ఆంప్ పక్కన పెట్టి చేతులు దులుపుకుంటారు. మధ్యలో వైరు రేకుకి తగిలితే అదెందుకు? డిక్కీలో పవర్ వైరుని రెండుగా పంచే డిస్ట్రిబ్యూషన్ బ్లాక్, అక్కణ్ణించి ఒక్కోదానికి ఒక్కో ఫ్యూజు. స్టీరియోతో పాటు ఆంప్‌ని ఆన్ చేసే రిమోట్ వైరు ఒకటే రెండిటికీ సరిపోద్ది.