ఉద్యోగం చేస్తూ పీహెచ్‌డీ: ఫుల్‌టైమ్ అని రాయాలా, పార్ట్‌టైమ్ అని రాయాలా?

ప్రశ్న: "డిగ్రీ కాలేజీలో ఆరేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. ఈ ఏడాది పీహెచ్‌డీ సీటు వచ్చింది. పార్ట్‌టైమ్ డిగ్రీకి విలువ ఉండదని, ఫుల్‌టైమ్ అని రాసేసి ఉద్యోగం చేసుకోమని, ఎవరూ పట్టించుకోరని తోటివాళ్ళు అంటున్నారు. నాకు మూడేళ్ళ పాప ఉంది. ఏం చేయమంటారు?"

ఫుల్‌టైమ్ అని రాసి ఉద్యోగం చేయడం మాత్రం వద్దమ్మా. నేను ఐదు నెలలు అలా చేశాను. ఆ ఐదు నెలలను కాగితం మీద సరిచేసుకోవడానికి తిరిగిన తిరుగుడు నా థీసిస్‌లో ఒక అధ్యాయం రాయడానికి పడ్డ కష్టం కంటే ఎక్కువ. అందుకే మీ ప్రశ్న చూడగానే రాయకుండా ఉండలేకపోయాను.

నేను 2017 నవంబరులో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఎకనామిక్స్‌లో ఫుల్‌టైమ్ స్కాలర్‌గా చేరాను. అంశం చేనేత సహకార సంఘాల ఆర్థిక స్థితి. అధ్యాపక అర్హత పరీక్ష నెట్ పాసయ్యాను కానీ పరిశోధకులకు నెలనెలా డబ్బిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ రాలేదు. అంటే నెలనెలా చేతికి వచ్చేది ఏమీ లేదు. ఏడాదిపాటు ఇంటి నుంచి నాన్న పంపిన డబ్బుతోనే మెస్ బిల్లు కట్టాను. పీహెచ్‌డీ మొదట్లో చదవాల్సిన పాఠాలు, అంటే కోర్స్ వర్క్ పూర్తయింది, దానిమీద ప్రీ పీహెచ్‌డీ పరీక్ష రాశాను, 2018 ఆగస్టులో ఫలితం వచ్చింది. 2019 జనవరిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఉద్యోగం దొరికితే చేరిపోయాను. వారానికి పద్దెనిమిది క్లాసులు. కోర్స్ వర్క్ అయిపోయింది, ఇక రోజూ డిపార్ట్‌మెంటుకు వెళ్ళే పని లేదు, ఎవరికి చెప్పాలి, ఎందుకు చెప్పాలి అనుకున్నాను.

జూన్‌లో పరిశోధన సలహా సంఘం ముందు కూర్చున్నప్పుడు సభ్యులలో ఒక మేడమ్ నా హాజరు కాగితం చూసి, "జనవరి నుంచి సంతకాలే లేవేమ్మా?" అని అడిగారు. అబద్ధం చెప్పలేకపోయాను. మా గైడ్ బయటికి తీసుకొచ్చి ఒకే మాట అన్నారు: "ఈ వారంలోనే పార్ట్‌టైమ్‌కు కన్వర్షన్ పెట్టుకో. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే నీ రిజిస్ట్రేషనే పోతుంది, నేను కూడా కాపాడలేను." కాలేజీ యాజమాన్యం దగ్గర నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) కోసం మూడు వారాలు తిరిగాను. చదువు పూర్తయితే వదిలి వెళ్ళిపోతుందని వాళ్ళ భయం. ఐదు నెలల గైర్హాజరుకు రాతపూర్వకంగా వివరణ ఇచ్చాను. ఫీజు తేడా కట్టాను. పార్ట్‌టైమ్‌గా మారుస్తూ ఉత్తర్వు చేతికి వచ్చేదాకా నిద్ర సరిగా పట్టలేదు.

ఇప్పుడు మీ తోటివాళ్ళు అన్న 'విలువ' సంగతి. విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2022 నవంబరులో పీహెచ్‌డీ నిబంధనలు కొత్తగా ఇచ్చింది. వాటిలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి స్పష్టంగా అనుమతి ఉంది. పార్ట్‌టైమ్ వాళ్ళకు వేరే డిగ్రీ అంటూ ఏమీ లేదు. కోర్స్ వర్క్ అదే, ప్రతి సెమిస్టరుకూ సలహా సంఘం ముందు పని చూపించడం అదే, థీసిస్ బయటి పరీక్షకులకు వెళ్ళడం అదే, వైవా అదే. పార్ట్‌టైమ్ అభ్యర్థి అదనంగా ఇవ్వాల్సింది పనిచేసే చోటు నుంచి ఎన్‌ఓసీ. ఆ కాగితం గురించి చివర్లో విడిగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది అక్కడే తప్పు చేస్తారు.

మీ విషయంలో పార్ట్‌టైమే మేలు అనడానికి ఇంకో గట్టి కారణం ఉంది. కాలేజీ, యూనివర్సిటీ అధ్యాపకుల నియామకాలు, పదోన్నతుల మీద యూజీసీ 2018లో ఇచ్చిన నిబంధనల్లో, పీహెచ్‌డీ చేసిన కాలాన్ని బోధనానుభవంగా లెక్కించరని ఉంది. కానీ సెలవు పెట్టకుండా పాఠాలు చెబుతూనే పీహెచ్‌డీ చేసినవాళ్ళకు ఆ కాలం బోధనానుభవంగా లెక్కకు వస్తుందని కూడా అక్కడే ఉంది. ఒక్కసారి ఆలోచించండి. మీరు ఫుల్‌టైమ్ అని రాసి ఉద్యోగం చేస్తే, రేపు ఇంటర్వ్యూలో రెండు సర్టిఫికెట్లు పక్కపక్కన పెడతారు. ఒకటి అవే తేదీల్లో మీరు పూర్తిగా యూనివర్సిటీలో ఉన్నారంటుంది, రెండోది పూర్తిగా కాలేజీలో ఉన్నారంటుంది. స్క్రూటినీలో కూర్చున్నవాళ్ళు ఏదో ఒకటి కొట్టేస్తారు. పార్ట్‌టైమ్ అని నిజం రాసుకుంటే అనుభవమూ మిగులుతుంది, డిగ్రీ కూడా నిలుస్తుంది.

మరి ఫుల్‌టైమ్ ఎవరికి? ఫెలోషిప్ ఉన్నవాళ్ళకు, లేదా కాలేజీ నుంచి పద్ధతిగా స్టడీ లీవు మంజూరైనవాళ్ళకు. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ళ తర్వాత సీనియర్ ఫెలోషిప్ ఎస్‌ఆర్‌ఎఫ్‌కు 42,000. ఆ డబ్బు పరిశోధనకే పూర్తి సమయం పెట్టమని ఇచ్చేది. అది తీసుకుంటూ ఇంకో చోట జీతం తీసుకుంటే తిరిగి కట్టించుకుంటారు. ప్రయోగశాలలో రోజూ ఉండాల్సిన సైన్సు వాళ్ళకైతే పార్ట్‌టైమ్ నిజంగానే చాలా కష్టం, ఆ మాట ఒప్పుకుంటాను. నాలాంటి సర్వే పనికి ఆదివారాలు, దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు సరిపోయాయి. పోచంపల్లి చుట్టుపక్కల మగ్గాల ఇళ్ళకు నేను వెళ్ళిందంతా సెలవు రోజుల్లోనే.

సీటు వచ్చింది కాబట్టి ప్రవేశాల గురించి పొడిగించను. ఇది చదివే మిగతావాళ్ళకోసం ఒక్క మాట. 2024 జూన్ నెట్ నుంచి ఫలితాలను మూడు వర్గాలుగా ఇస్తున్నారు: జేఆర్‌ఎఫ్‌తో పాటు అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతతో పాటు పీహెచ్‌డీ ప్రవేశం, పీహెచ్‌డీ ప్రవేశం మాత్రమే. రెండో, మూడో వర్గాల వాళ్ళకు పీహెచ్‌డీ ప్రవేశం కోసం ఆ స్కోరు ఒక్క ఏడాదే చెల్లుతుంది. అందులో నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఏడాది దాటిపోయాక దరఖాస్తు చేసి బాధపడినవాళ్ళు నాకు తెలిసే ఇద్దరున్నారు.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ కంగారుపెట్టింది గడువు లెక్క. కోర్స్ వర్క్ పాసైన రోజు నుంచి ఆరేళ్ళు అనుకుంటూ వచ్చాను. ఆ లెక్కన 2024 ఆగస్టు దాకా టైముంది. నిజానికి గడియారం అడ్మిషన్ తేదీన మొదలవుతుంది. కోర్స్ వర్క్ కూడా ఆ ఆరేళ్ళలో భాగమే. అంటే నా గడువు 2023 నవంబరు. తొమ్మిది నెలలు ఒక్కసారిగా మాయమయ్యాయి. అప్పటికి రెండు అధ్యాయాలు ఇంకా చిత్తు ప్రతిలోనే ఉన్నాయి. ఫుల్‌టైమ్ నుంచి పార్ట్‌టైమ్‌కు మారినా ఆ తేదీ మారలేదు, కొత్తగా మొదలుకాలేదు.

మీరు 2022 నిబంధనల కిందికి వస్తారు కాబట్టి మీ లెక్క ఇది: తక్కువలో తక్కువ మూడేళ్ళు, ఎక్కువలో ఎక్కువ ఆరేళ్ళు. ఆపైన రీ-రిజిస్ట్రేషన్ ద్వారా మరో రెండేళ్ళు ఇవ్వొచ్చు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవాళ్ళకు దానిమీద ఇంకో రెండేళ్ళు, మొత్తం పదేళ్ళకు మించకుండా. 'ఇవ్వొచ్చు' అన్న మాట గమనించండి. అడగాలి, అదీ గడువు తీరకముందే అడగాలి. పొడిగింపు దానంతటదే రాదు. మహిళలకు ఈ సడలింపు ఉందని నా తోటి స్కాలర్లలో సగం మందికి తెలియదు. తెలిసిన సగం మందిలో కొందరు అది ఆటోమేటిక్ అనుకుంటారు.

ఇక ప్రసూతి సెలవు. ఇది చెప్పడానికి ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది, కానీ మీరూ తల్లే కాబట్టి చెప్పాలి. నిబంధనల ప్రకారం మహిళా స్కాలర్లకు పీహెచ్‌డీ కాలంలో 240 రోజుల దాకా ప్రసూతి లేదా పిల్లల సంరక్షణ సెలవు ఉంటుంది. నేను చేరినప్పుడు అమల్లో ఉన్న 2016 నిబంధనల్లోనూ ఉంది, 2022లోనూ ఉంది. 2020 సెప్టెంబరులో నాకు బాబు పుట్టాడు. దరఖాస్తు రాసి, డాక్టరు సర్టిఫికెట్ జతచేసి, మా ఆయన చేతికిచ్చి ఆఫీసుకు పంపాను. కోవిడ్ రోజులు, గేటు దగ్గరే కాగితాలు తీసుకుంటున్నారు. ఇచ్చేశాడు, వచ్చేశాడు. కాగితం అందినట్టు ఆఫీసు వేసే ఇన్‌వర్డ్ నంబరు తీసుకోలేదు, స్టాంపు వేసిన నకలు లేదు. మూడేళ్ళ తర్వాత పొడిగింపు కోసం వెళ్తే నా ఫైలులో ఆ దరఖాస్తు లేనే లేదు. "మీరు సెలవులో ఉన్నట్టు మా దగ్గర రికార్డు లేదు మేడమ్" అన్నారు. ఆ ఎనిమిది నెలలు నేను పసిబిడ్డతో ఉన్నాను, ఫైలులో మాత్రం ఏ పనీ చేయని స్కాలర్‌ని. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, బాబు జనన ధ్రువపత్రం, అప్పట్లో గైడ్‌కి పంపిన మెయిల్ తీసుకుని ఎన్నిసార్లు మెట్లెక్కానో. చివరికి నన్ను గట్టెక్కించింది ఆ మెయిలే. దాని మీద తేదీ ఉంది.

అందుకని నా మాటగా ఇది గుర్తుపెట్టుకోండి. ఉద్యోగంలో చేరిన రోజు, మానేసిన రోజు, బదిలీ అయిన రోజు, సెలవు మొదలైన రోజు, మళ్ళీ వచ్చిన రోజు, ప్రతిదానికీ ఒక కాగితం ఇన్‌వర్డ్‌లో ఇచ్చి, నకలు మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. దానిమీద ఉత్తర్వు వచ్చేదాకా నెలకోసారి అడగండి. ఉత్తర్వు లేని సెలవును ఆఫీసు సెలవుగా చూడదు. నేను ఇప్పుడు మా కాలేజీలో పరిశోధనలో చేరే ప్రతి అమ్మాయికీ ఒక అట్ట ఫైలు నేనే కొనిస్తున్నాను.

పెళ్ళి వల్లనో, భర్త బదిలీ వల్లనో ఊరు మారాల్సివస్తే పరిశోధన వివరాలతో సహా ఇంకో విశ్వవిద్యాలయానికి మారే వీలు కూడా మహిళలకు నిబంధనల్లో ఉంది. దాన్ని వాడుకున్నవాళ్ళను నేను ఎక్కువమందిని చూడలేదు, చాలామంది తెలియక మధ్యలోనే మానేశారు. ఇంత చదివిన పిల్లలు ఒక్క దరఖాస్తు సంగతి తెలియక ఆగిపోవడం చూస్తే బాధేస్తుంది.

గైడ్ విషయంలో మొహమాటపడకుండా రెండు ప్రశ్నలు అడగండి. మొదటిది, మీ కింద ఖాళీ ఉందా అని. ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మందిని, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురిని, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురినే తీసుకోవాలి. రెండోది, పదవీ విరమణ ఎప్పుడు అని. రిటైర్మెంటుకు మూడేళ్ళ లోపు ఉన్నవాళ్ళు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. మన రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో పోస్టులు ఎన్నేళ్ళుగా ఖాళీగా ఉన్నాయో మీకు తెలుసు. గైడ్ మధ్యలో రిటైరైతే కొత్త గైడ్ దొరకడం పార్ట్‌టైమ్ వాళ్ళకే ముందు కష్టమవుతుంది, రోజూ కళ్ళముందు కనబడరు కాబట్టి.

ఫోన్లకు వచ్చే 'ఇంటి నుంచే ఆన్‌లైన్ పీహెచ్‌డీ' ప్రకటనల జోలికి వెళ్ళకండి. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో పీహెచ్‌డీ ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు. విదేశీ సంస్థల పేరు చెప్పి ఎడ్‌టెక్ కంపెనీలు అమ్మే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని యూజీసీ, సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ కలిసి 2022 అక్టోబరులోనే హెచ్చరించాయి. పార్ట్‌టైమ్ అంటే కోర్స్ వర్క్‌కు రావాలి, సలహా సంఘం ముందు కూర్చోవాలి. ఇంట్లో కూర్చుని అయ్యేది కాదు.

నేను 2024 డిసెంబరులో థీసిస్ ఇచ్చాను, మరుసటి ఏడాది వైవా అయింది. మూడో వరసలో అమ్మ ఒళ్ళో మా బాబు నిద్రపోయాడు.

చివరగా ఆ ఎన్‌ఓసీ. ప్రిన్సిపాల్ దగ్గరికి ఉత్త చేతులతో వెళ్ళి "ఎన్‌ఓసీ కావాలి సార్" అంటే, "వీరి పీహెచ్‌డీకి మాకు అభ్యంతరం లేదు" అని ఒక్క ముక్క రాసిస్తారు. నాకూ మొదట అలాగే ఇచ్చారు, యూనివర్సిటీ తిప్పి పంపింది. నిబంధన అడిగేవి మూడు మాటలు. చిత్తు ప్రతి మీరే రాసి తీసుకెళ్ళండి. ఒకటి, పార్ట్‌టైమ్ పద్ధతిలో పీహెచ్‌డీ చేయడానికి వీరికి అనుమతి ఇస్తున్నాం. రెండు, వీరి ఉద్యోగ బాధ్యతలు పరిశోధనకు తగినంత సమయం ఇచ్చే విధంగానే ఉన్నాయి. మూడు, అవసరమైతే కోర్స్ వర్క్ పూర్తి చేయడానికి విధుల నుంచి రిలీవ్ చేస్తాం. మూడో వాక్యం దగ్గర ప్రిన్సిపాల్ కొంచెం ఆగుతారు. అక్కడ మీరూ ఆగి, కోర్స్ వర్క్ టైంటేబుల్ చూపించి, మీ క్లాసులు ఎవరితో సర్దుకుంటారో అప్పటికే మాట్లాడి పెట్టుకున్నామని చెప్పండి. సంతకం, కాలేజీ ముద్ర, తేదీ, అవుట్‌వర్డ్ నంబరు నాలుగూ ఉన్నాయో లేదో చూసుకుని, రెండు నకళ్ళు తీయించుకున్నాకే బయటికి రండి.