మీ కేసు సైకిల్ గురించి కాదు, ₹650 గురించి

ప్రశ్న: 2023 జూన్‌లో మా నాన్నగారు ₹18,500 పెట్టి గేర్ల సైకిల్ కొనిచ్చారు. ఆరు నెలలకే ఆయన పోయారు. ఆ గుర్తుగా రోజూ దాని మీదే మధురవాడ ఆఫీసుకు వెళ్తున్నాను. చైను మొదటి నుంచీ తేడాగానే ఉంది. 2025 నవంబరు 14న, కొన్న షాపులోనే ₹650 ఫోన్‌పేలో ఇచ్చి కొత్త చైను వేయించాను. అప్పటి నుంచి నేను ఎక్కువగా వాడే రెండు గేర్లలో గట్టిగా తొక్కితే జారిపోతోంది. షాపాయనకు వాట్సాప్ పెడితే ‘కొత్త చైను కదా, నాలుగు రోజులు తొక్కండి, అదే సర్దుకుంటుంది’ అన్నాడు. 23న హనుమంతవాక దగ్గర ఎక్కుడులో చైను జారి పడ్డాను, మణికట్టు విరిగింది. కంపెనీ మీద ఐదు లక్షలకు కేసు వేయాలనుంది. రెండేళ్లు దాటాయి కదా అని, తెలిసిన షాపతను 2024 తేదీతో బిల్లు ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?
– విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు

జవాబు: తీసుకోవద్దు. ఫ్రేము మీద నంబరు గుద్ది ఉంటుంది. అసలు బిల్లు కాపీ షాపులో ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితే మీ కేసు అక్కడే పోతుంది. వినియోగదారుల కమిషన్ ముందు నడిచేది న్యాయ విచారణే. అందులో వాడటానికి దొంగ సాక్ష్యం పుట్టిస్తే భారతీయ న్యాయ సంహిత 229 సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. బిల్లు ఇచ్చినతనూ మీతోపాటే వస్తాడు.

పైగా ఆ బిల్లు మీకు అక్కర్లేదు. మొదటి నుంచీ తేడా ఉందంటే, గడువు అప్పుడే మొదలైంది. వినియోగదారుల రక్షణ చట్టం 69 సెక్షన్ ఇచ్చే రెండేళ్లు 2025లోనే అయిపోయాయి. పని ఒత్తిడి వల్ల ఆలస్యమైందంటే కమిషన్ ఒప్పుకోదు. మొదట్లో బాగానే ఉందంటారా, అప్పుడది తయారీ లోపమే కాదు. ఎటు చూసినా కంపెనీ మీద కేసు నిలవదు.

మీ ఉత్తరంలో నాకు పనికొచ్చింది ఒక్క ముక్క: ‘ఎక్కువగా వాడే రెండు గేర్లలో’. చైనులో పిన్నుకూ పిన్నుకూ మధ్య అరంగుళం ఉంటుంది. వాడగా పిన్నుల దగ్గర అరిగి ఆ దూరం పెరుగుతుంది, దాన్నే చైను సాగిందంటాం. దాంతోపాటే వెనక చక్రానికుండే ఫ్రీవీలు (గేర్ల పళ్లచక్రాల గుత్తి) పళ్లూ అరుగుతాయి, ఎక్కువగా వాడే గేర్లవి ముందు. రెండూ కలిసి అరిగినంతకాలం ఎలాగోలా నడుస్తాయి. ఆ పళ్ల మీద కొత్త చైను వేస్తే సరిగ్గా కూర్చోదు, బరువు పడగానే పన్ను మీదికెక్కి జారుతుంది. నాలుగు రోజులు కాదు, నాలుగు నెలలు తొక్కినా సర్దుకోదు. రేపు అవతలి లాయరు లింకు బిగుసుకుందని అనొచ్చు. బిగుసుకున్న లింకైతే గేరుతో సంబంధం లేకుండా, అది తిరిగొచ్చినప్పుడల్లా ఎగరాలి.

కాబట్టి మీ ఫిర్యాదు షాపు మీద, సేవా లోపం కింద. ఫ్రీవీలు చూడకుండా చైను వేశాడు, జారుతోందని చెప్పినా తొక్కమన్నాడు. దీనికి 2027 నవంబరు దాకా గడువుంది. నాన్నగారి సంగతి ఇక్కడ అవసరం లేదు. సైకిల్ బిల్లు ఆయన పేరున ఉన్నా, చైనుకు డబ్బు కట్టింది మీరు.

ఇక మీ నిర్లక్ష్యం. ₹650కి బిల్లు అడగలేదు. పాత చైను షాపులోనే వదిలేసి వచ్చినట్టున్నారు. అది మీ దగ్గర ఉంటే స్కేలు పెట్టి కొలిచేవాళ్లం: 24 లింకులు పన్నెండు అంగుళాలు రావాలి, దాని మీద అంగుళంలో పదహారో వంతు పెరిగిందంటే మార్చాల్సిన చైనే. ఎనిమిదో వంతు పెరిగేదాకా తొక్కారంటే పళ్లు కూడా పోయినట్టే. ఇప్పుడు ఆ రుజువు లేదు. మిగిలింది ఫోన్‌పే రసీదు, వాట్సాప్ మెసేజ్. స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టుకుని ఫోను మార్చేయకండి. ఫోనులోని రికార్డును సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63 సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. ఆస్పత్రి ఓపీ చీటీలో ఎలా పడ్డారని రాశారో ఇవాళే చూడండి. ‘బండి గుద్దింది’ అని ఉంటే నాకు ముందే చెప్పాలి.

ఫ్రీవీలు మార్చే ముందు పళ్లకు దగ్గరగా ఫొటోలు, ఆ రెండు గేర్లలో జారుతున్న వీడియో తీయించండి. మీరు తొక్కకండి, చెయ్యి బాగున్నవాళ్లతో నెమ్మదిగా తొక్కించండి. తర్వాత వేరే మెకానిక్ దగ్గర మార్పించి, ‘పళ్లు అరిగినందున మార్చాను’ అని బిల్లు మీద రాయించండి. విప్పిన ఫ్రీవీలు ఇంటికి తెచ్చుకోండి. అది పాతసామానుకు వేశారో, ఇక నా దగ్గరికి రాకండి.

షాపుకు స్పీడ్ పోస్టులో 15 రోజుల నోటీసు పంపండి. పాత చైను ఉంటే పారేయకుండా ఉంచమని అందులోనే రాయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫిర్యాదు చేయొచ్చు, కానీ దానివల్ల గడువు ఆగదు. జవాబు రాకపోతే విశాఖ జిల్లా కమిషన్‌లో వేయండి. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. చైను, ఫ్రీవీలు ఖర్చు, ఆస్పత్రి బిల్లులు, పనికి వెళ్లని రోజుల జీతం అడగండి. మానసిక వేదనకు ఐదు లక్షలు అని మాత్రం రాయకండి, నిజమైన బిల్లుల్ని కూడా అనుమానంగా చూస్తారు.