ఫెర్రోఎలక్ట్రిక్ సిరామిక్ మీద వెలుతురు పడితే వందల వోల్టులు ఎలా వస్తాయి?

వోల్టేజీ ఏదో ఒక జంక్షన్ (రెండు పొరలు కలిసే చోటు) దగ్గర కాకుండా పదార్థం పొడవునా పుట్టి, ముక్క పొడవును బట్టి పెరుగుతుంది కాబట్టే అంత వస్తుంది.

సిలికాన్ సోలార్ సెల్‌లో ఛార్జీలను విడదీసే పని రెండు పొరలు కలిసే సన్నని చోటే జరుగుతుంది. అందుకే సెల్ ఎంత పెద్దదైనా 0.6 వోల్టుల దగ్గరే ఆగిపోతుంది. ఫెర్రోఎలక్ట్రిక్ స్ఫటికంలో ధన, రుణ అయాన్ల కేంద్రాలు కాస్త పక్కకు జరిగి ఉంటాయి. ఈ అసమానత వల్ల, వెలుతురు తగిలి లేచిన ఎలక్ట్రాన్లు అన్ని దిక్కులకూ సమానంగా చెదరవు. ఒకవైపే ఎక్కువగా కదులుతాయి. సిరామిక్ అంటే వేల చిన్న స్ఫటికాల ముద్ద. ముందుగా బలమైన విద్యుత్ క్షేత్రంతో వాటిలో అయాన్లు జరిగిన దిశను ఒకేవైపుకు తిప్పాలి. దీన్నే పోలింగ్ అంటారు. అది చేయకపోతే ఒకదాని ప్రభావాన్ని మరొకటి కొట్టేస్తుంది.

ఉదాహరణకు పీఎల్‌జెడ్‌టీ, అంటే లాంథనం కలిపిన లెడ్ జిర్కోనేట్ టైటనేట్. దీనిపై అతినీలలోహిత కాంతి వేస్తే సెంటీమీటరుకు వెయ్యి వోల్టుల స్థాయిలో వస్తుంది. పోలింగ్ దిశ తిప్పితే ప్లస్, మైనస్ కూడా తారుమారవుతాయి.

ఇన్ని వోల్టులుంటే ఇంటిమీద ప్యానెళ్లుగా వాడొచ్చు కదా అని చాలామంది అనుకుంటారు. కుదరదు. కరెంటు నానోఆంపియర్ల స్థాయిలోనే ఉంటుంది, ఎండలోని ఎక్కువ భాగాన్ని ఈ పదార్థం పీల్చుకోదు కూడా. ఇక ఇదంతా వేడి వల్లే అనడం మరో పొరపాటు: వేడితో పుట్టే పైరోఎలక్ట్రిక్ కరెంటు ఉష్ణోగ్రత మారుతున్నంతసేపే ఉంటుంది, ఇది వెలుతురు ఉన్నంతసేపూ ఉంటుంది.